దుప్పటికి ఆ చివర

పొద్దున ఆరున్నరకు ఆస్పత్రి లాండ్రీలోకి అడుగుపెడుతుంటే ఆవిడ కావాలనే ముందు కుడికాలు పెట్టింది. పదకొండేళ్లుగా వస్తున్న చోటే. అదే ఇనుప తలుపు, అదే ఆవిరి, అదే సబ్బు వాసన, మూలనున్న ఇస్త్రీ రోలర్ చేసే అదే గురగుర. మెడలో వేలాడే కార్డు మాత్రం కొత్తది. ఫోటో కింద ‘ఇన్‌ఛార్జి’ అని అచ్చయి ఉంది. ఆ అక్షరాలు ఎక్కడ ఎగిరిపోతాయో అన్నట్టు బస్సు దిగి వచ్చేలోపు నాలుగుసార్లు తిప్పి చూసుకుంది.

ఆస్పత్రిలో అందరూ ఆవిడను మడతమ్మ అంటారు. అది నర్సులు పెట్టిన పేరు. నాలుగు వందల పడకల ఆస్పత్రి అది. రోజుకు వెయ్యి దుప్పట్లు, అంతకు రెట్టింపు దిండు గలీబులు, ఆపరేషన్ గదుల్లో పరిచే పెద్ద పెద్ద పచ్చ షీట్లు, అన్నీ కింద లాండ్రీకి దిగి, ఉతికించుకుని, ఇస్త్రీ చేయించుకుని, మడతపెట్టించుకుని మళ్లీ పైకి వెళ్లాలి. ఆవిడ చేతుల మీదుగా వెళ్లిన కట్టల అంచులు కత్తితో కోసినట్టుండేవి. ఒకసారి మూడో అంతస్తు పెద్ద నర్సు, "ఇవి మడిచిన అమ్మెవరో నేను చూసి తీరాలి" అంటూ మెట్లు దిగి వచ్చింది. ఆ రోజుతో అసలు పేరు ఆస్పత్రి రికార్డుల్లోనే ఉండిపోయింది.

పాత ఇన్‌ఛార్జి రిటైరవుతూ పై అధికారులతో ఒక్కటే మాట అన్నాడట. "ఆ గదిలో ఎవరి నడుంనొప్పి ఎప్పుడు మొదలైందో కూడా ఆమెకు తెలుసు. ఇంకెవర్ని పెడతారు?"

ఈ వార్త ఇంట్లో చెప్పినప్పుడు స్కూలు బస్సు నడిపే భర్త ముఖం చేటంత చేసుకున్నాడు. "పదిహేనేళ్లుగా నాకు ఇన్‌ఛార్జివి నువ్వేగా! వాళ్లు ఇప్పుడు తెలుసుకున్నారా?" అన్నాడు. ఆవిడ నవ్వింది గానీ లోపల భయం, సంబరం ఒకదాన్నొకటి తరుముకుంటూనే ఉన్నాయి. మడతబల్ల దగ్గరున్న ఐదుగురిలో ఒకరు ఆవిడ ఆడపడుచు. భర్తకు చెల్లెలు, రెండు వీధుల అవతల కాపురం. ఇన్నాళ్లూ ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడిన మనిషి ఇప్పుడు తన కింద పనిచేయాలి. ఇక బల్ల దగ్గర ఖాళీ అయిన తన చోటులోకి కొత్త మనిషిని ఎంచుకోవాల్సింది కూడా తనే.

మొదటి వారం గాల్లో తేలినట్టు గడిచింది. రెండో వారం హెచ్చార్ సారు కబురు పెట్టాడు. ఆస్పత్రిలో సిబ్బంది వ్యవహారాలన్నీ చూసేది ఆయనే. చేతిలో ఎప్పుడూ ఒక ఫైలుంటుంది. చొక్కా జేబులో మూడు పెన్నులుంటాయి.

"మీ దగ్గర ఒకరు ఈ రెండు వారాల్లో ఎనిమిది రోజులు ఆలస్యంగా వచ్చారు. ప్రతిసారీ పావుగంటే, కాదనను. మీ చుట్టమట కదా?"

ఆ చివరి ముక్క ఆవిడకు సూదిలా దిగింది. లాండ్రీకి తిరిగొచ్చేసరికి ఆడపడుచు బల్ల దగ్గర గలీబులు దులుపుతోంది. చుట్టూ పదిమంది ఉన్నారు. మడతమ్మ వెనకాముందూ చూసుకోలేదు.

"ఎప్పుడు పడితే అప్పుడు రావడానికి ఇదేమైనా మీ అన్నయ్య ఇల్లనుకున్నావా? రేపట్నుంచి ఒక్క నిమిషం ఆలస్యమైనా కాగితం మీద రాసి పైకి పంపిస్తా!"

రోలర్ దగ్గరి ఇద్దరూ తమ మిషన్ను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు తల దించుకున్నారు.

"సరే మేడమ్" అంది ఆడపడుచు.

ఈ పదిహేనేళ్లలో ఆ పిల్ల ఆవిడను ‘మేడమ్’ అనడం అదే మొదటిసారి. చుట్టమని చూడకుండా న్యాయం చేశాననే గర్వం మడతమ్మకు ఓ గంటసేపు నిలిచింది. మధ్యాహ్నానికి అర్థమైంది. తను దగ్గరికి వస్తే బల్ల దగ్గర కబుర్లు ఆగిపోతున్నాయి. దూరం జరిగితే మళ్లీ మొదలవుతున్నాయి. టీ తాగేటప్పుడు తన పక్క స్టూలు ఖాళీగానే ఉంది. ఆదివారం ఇంటికొచ్చిన ఆడపడుచు అన్నయ్యతో ఇకఇకలాడుతూ మాట్లాడి, వెళ్లేటప్పుడు గుమ్మంలో, "వెళ్లొస్తా మేడమ్" అంది. భర్త ఇద్దరి ముఖాలూ చూసి, తనకు బస్సు టైర్లలో గాలి చూడాల్సిన పని గుర్తొచ్చిందంటూ వీధిలోకి తప్పుకున్నాడు.

ఇలా తొమ్మిది రోజులు. మాటల్లేకపోయినా పని ఆగదు కదా. ఆపరేషన్ షీటు ఒక్కరివల్ల మడతపడదు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పట్టుకోవాల్సిందే. బల్ల దగ్గర మనిషి తక్కువ కాబట్టి మడతమ్మే ఓ చివర పట్టేది. అవతలి చివర ఆడపడుచు. ఆ పిల్ల నోరు తెరవకపోయినా షీటు మాత్రం అన్నీ చెప్పేసేది. కోపంగా ఉన్నరోజు ఒక్క గుంజు. ఏడుపొచ్చిన రోజు మధ్యలో గుడ్డ జారిపోయి వేలాడేది. పదో రోజున ఆ పిల్ల ఎంత గట్టిగా లాగిందో, మడతమ్మ దానికి పోటీగా ఎంత గట్టిగా లాగిందోగానీ, గుడ్డ ఆ పిల్ల చేతుల్లోంచి జారి మడతమ్మ వెనక్కి వెళ్లి గలీబుల ట్రాలీలో కూలబడింది. కాళ్లు రెండూ పైకి. ట్రాలీ చక్రాలమీద ఉంది కాబట్టి ఆవిడతో సహా మెల్లగా గోడదాకా వెళ్లి ఆగింది.

ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపుకుంది, ఆపుకుంది, ఇక ఆగలేదు. ట్రాలీలోంచి మడతమ్మ కూడా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో నవ్వుగా ఆ పిల్ల వచ్చి చెయ్యందించి, "దెబ్బ తగిలిందా వదినా?" అంది.

ఆ ‘వదినా’తో మడతమ్మ కళ్లు చెమర్చాయి. చెయ్యి వదలకుండానే ఆ పిల్లను స్టోరు గదిలోకి తీసుకెళ్లింది.

"ఎందుకు ఆలస్యమవుతోందే? ముందు అడగాల్సింది. ఇప్పుడడుగుతున్నా."

"పిల్లాణ్ణి దింపే బడి గేటు ఆరున్నరకు తీస్తారు. అక్కణ్నుంచి పరిగెత్తుకొచ్చినా పావుగంట. నువ్వు ఇన్‌ఛార్జివి కాకముందైతే నీకు చెప్పి ఏడ్చేదాన్ని. అయ్యాక చెబితే చుట్టరికం వాడుకుంటోందంటారని నోరు మూసుకున్నా. నువ్వేమో అందరి ముందూ..."

"అరిచింది అందరి ముందు కదా. తప్పయిందనీ అందరి ముందే చెప్తా."

చెప్పింది కూడా. టీ వేళకు లేచి నిలబడి చెప్పింది. మాట్లాడాల్సింది పక్కకు పిలిచి అని, అరవడంకంటే ముందు అడగాలని, ఇక మీదట అలాగే చేస్తానని. రోలర్ దగ్గరి పెద్దావిడ గ్లాసు కింద పెట్టి, "అయితే నన్నూ అడుగు. నాకూ ఆరున్నర పడదు" అంది. ఇంకొకామె, "నాకు ఆరైనా పర్లేదు. ముందొచ్చి ముందే పోతా" అంది. ఇంతలో వాషింగ్ మిషన్ల దగ్గరి మనిషి గోడకానుకుని తాపీగా ఒక మాటన్నాడు. "మొదటి ఎండిన దుప్పటి మీ బల్ల మీదికి వచ్చేదే ఏడుంబావుకి. ఆరున్నరకొచ్చి మీరంతా ఏం మడతపెడుతున్నారమ్మా, గాలినా?"

నిజమే! పదకొండేళ్లుగా తనూ ఆ ముప్పావుగంట గలీబులు అటూ ఇటూ సర్దుతూ గడిపింది. సాయంత్రం చివరి విడత దుప్పట్లేమో మడిచే మనిషి లేక మర్నాటిదాకా గుట్టగా పడుండేవి. అంత చిన్న సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదే! ఆవిడ అప్రన్ కూడా విప్పకుండా మెట్లు రెండేసి చొప్పున ఎక్కి హెచ్చార్ సారు గదికి పరిగెత్తింది.

"సార్, మడతబల్ల వాళ్లు ఏడింటికొస్తే చాలు సార్! అరగంట ఆలస్యంగా పోతారు. సాయంత్రం గుట్ట మిగలదు, వార్డులకు పొద్దున్నే దుప్పట్లు అందుతాయి!"

"ముప్పై ఏళ్లుగా ఆరున్నరే నడుస్తోందమ్మా."

"ముప్పై ఏళ్లుగా గాలి మడతపెడుతున్నాం సార్."

ఆయన పెన్ను మూత పెట్టి ఆవిడను ఎగాదిగా చూశాడు. ఒక నెల చూద్దామన్నాడు. ఆ నెల గడిచాక మళ్లీ ఎవరూ ఆరున్నర ఊసెత్తలేదు. ఆడపడుచు ఆలస్యమూ అంతటితో సరి.

ఇక కొత్త మనిషిని తీసుకునే పని మిగిలింది. ఐదుగురు దరఖాస్తు పెట్టుకున్నారు. హెచ్చార్ సారు ప్రశ్నల కాగితం చేతికిచ్చాడు. మీ బలమేమిటి, మీ బలహీనతేమిటి, ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు. ఆవిడ రెండుసార్లు చదివి, "ఐదేళ్ల తర్వాత కూడా దుప్పట్ల దగ్గరే ఉంటారు సార్. ఇంకెక్కడుంటారు?" అంది. ఆయన నవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తూ భర్తను ఎదురుగా నిలబెట్టి సాధన మొదలుపెట్టింది.

"మీ బలహీనత ఏమిటి?"

"నా భార్య."

"సరిగ్గా చెప్పండి!"

"సరిగ్గానే చెప్పాను. కావాలంటే సంతకం పెడతా."

నవ్వుకుంటూనే ఆయన అలవాటుగా దుప్పటి ఆ చివర అందుకున్నాడు. పదిహేనేళ్లుగా చేస్తున్నట్టే తన చివరను అటువైపు తిప్పాడు, ఆవిడ ఇటువైపు తిప్పింది. దుప్పటి మెలిపడింది. ఆయన ఏమీ అనకుండా చేతులు మార్చుకుని ఆవిడ వైపే తిప్పాడు. ఎప్పుడూ అంతే. ముందు తన దారిన పోతాడు, తర్వాత చూస్తాడు, సర్దుకుంటాడు. పెళ్లయిన కొత్తలో ఈ మనిషి ఎలాంటివాడో తనకు మొదట చెప్పింది మాటలు కావు, ఇదిగో ఇలాంటి దుప్పటే. తనతో తొమ్మిది రోజులు మాట్లాడని ఆడపడుచు మనసు చెప్పిందీ దుప్పటే.

మడతమ్మ ఉన్నచోటనే గెంతింది. "దొరికింది! ఏవండీ, దొరికింది!"

"ఏం పోయిందని?" అన్నాడాయన బిత్తరపోయి.

"ప్రశ్న! అడగాల్సిన ప్రశ్న!"

సోమవారం హెచ్చార్ సారు ససేమిరా అన్నాడు. దుప్పటి మడిపించి ఉద్యోగమిస్తే నలుగురూ నవ్వరా అన్నాడు. ఆవిడ పట్టు విడవలేదు. "అందరికీ అవే పది దుప్పట్లు సార్. తొమ్మిదోది మడిచేటప్పుడు నా అంచును కావాలనే తప్పుగా తిప్పుతా, అందరికీ అదే తప్పు. నేనొక కాగితం మీద మార్కులు వేస్తా, మా బల్ల వాళ్లొకరు పక్కనుంచి చూస్తూ ఇంకో కాగితం మీద వేస్తారు. ఒకరిది ఒకరం చూసుకోం. మీ ప్రశ్నలు కూడా మీరు అడగండి, వద్దనడం లేదు." ఆయన తనూ వచ్చి కూర్చుంటానన్నాడు.

ఆ రోజు మడతబల్ల చుట్టూ పెళ్లిచూపుల హడావిడి. పక్కనుంచి మార్కులు వేసే పని ఆడపడుచుది.

మొదట వచ్చినావిడ పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేసింది. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో తళతళలాడుతున్నాయి. పది దుప్పట్లూ నాలుగు నిమిషాల్లో ముగించేసింది. ఒక్కసారైనా అవతలి చివర మనిషి ఉందా లేదా అని చూడలేదు. పైగా మూడుసార్లు, "గట్టిగా పట్టుకోండి!" అని గదమాయించింది. రెండో అమ్మాయి చేతులు వణుకుతున్నాయి. మడతమ్మ ఎటు తిప్పితే అటు తిప్పింది, తప్పుగా తిప్పినప్పుడు కూడా. మూడో మనిషి పది దుప్పట్లూ అయ్యేలోపు పాత యజమానిని, పాత యజమాని తమ్ముణ్ణి, ఆ తమ్ముడి డ్రైవర్నీ తిట్టిపోశాడు. నాలుగో ఆమె రాలేదు.

ఐదో మనిషికి యాభై రెండేళ్లు. తాటిచెట్టంత పొడుగు, నెరిసిన మీసం. ఇరవై ఆరేళ్లు సర్కస్ కంపెనీలో డేరాలు వేసి విప్పే పని. కంపెనీ మూతపడింది. సర్టిఫికెట్టన్నది లేదు. ఆయన దుప్పటి అందుకోబోతూ ఆగాడు.

"అమ్మా, మీది ఎడమచేతి వాటమా?"

మడతమ్మ ఉలిక్కిపడింది. పదకొండేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. తనది ఎడమచేతి వాటమే.

"ఎలా తెలుసు?"

"ట్రాలీలోంచి దుప్పటి తీసేటప్పుడు చూశా. అయితే నేను ఇటునుంచి పడతా, మీకు వీలుగా ఉంటుంది."

ఆయన వేగం గొప్పదేం కాదు. కానీ ఆ చివర ఒక మనిషి ఉన్నాడనే ధైర్యం గుడ్డలోంచి పాకి వచ్చి చేతికి తెలుస్తోంది. ఐదో దుప్పటి పక్కన పెట్టేశాడు. "ఇక్కడ చిన్న చిరుగుంది. పేషంటు కాలివేలు దూరిందంటే మొత్తం పోతుంది" అన్నాడు. ముందొచ్చిన ముగ్గురూ తిప్పిన దుప్పట్లే, ఎవరి కంటా పడలేదు. తొమ్మిదోది వచ్చింది. మడతమ్మ తన అంచును తప్పుగా తిప్పింది.

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఏమనుకోకండి. మీ వైపు అంచు లోపలికి పోయింది. విప్పి మళ్లీ చేద్దామా?"

"నేను ఇన్‌ఛార్జిని. నా పద్ధతి ఇంతేనంటే?"

"మీరంటే అలాగే మడుస్తానమ్మా. కానీ చూసిందైతే చెప్పాలిగా. మా సర్కస్ డేరాగుడ్డ పదహారు మందిమి మడవాలి. ఒక్కడు చూసీ నోరెత్తకపోయాడంటే పదిహేనుమందీ మళ్లీ మొదట్నుంచి."

ఆడపడుచు చేతిలోని పెన్సిలు కాగితం మీద టకటకలాడటం మడతమ్మకు వినిపించింది. హెచ్చార్ సారు ముందు రెండు కాగితాలూ పరిచారు. రెండిటిలోనూ మొదటి స్థానం ఒక్కరికే. ఆయన గడ్డం గోక్కుంటూ, "సర్టిఫికెట్ లేదు. వయసు చూస్తే యాభై దాటింది. మడతబల్ల దగ్గర ఇంతవరకు మగమనిషి లేడు" అన్నాడు.

"ఈ మూడిట్లో మడతకు అడ్డమొచ్చేది ఏది సార్?" అంది మడతమ్మ.

ఆయన ఫైలు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. మూడు నెలలు పరీక్షగా చూద్దామని సంతకం పెట్టాడు.

ఉద్యోగం రానివాళ్లకు ఉత్తరం పంపితే సరిపోతుందన్నారు గానీ మడతమ్మ తనే ఫోన్ చేసింది. చేతులు వణికిన అమ్మాయిని అడిగింది. "తొమ్మిదోది తప్పని నీకు కనిపించలేదా?"

"కనిపించిందండీ. మీరు పెద్దవారు కదా అని..."

"ఈసారి ఎక్కడికెళ్లినా చెప్పెయ్యి. నీ చేతులు మంచివి, నోరు కూడా తోడు తెచ్చుకో."

డేరాల పెద్దాయన చేరాక మొదటి రెండు రోజులూ మడతమ్మకు ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. గంటకు తొంభై మడవాల్సిన చోట ఆయన చెయ్యి అరవై దాటలేదు. బల్ల దగ్గర గుసగుసలు. మెట్ల మీద ఎదురైన హెచ్చార్ సారు, "ఎలా ఉన్నాడు మీ సర్కస్?" అని పలకరించాడు. ఈసారి ఆవిడ అరవలేదు. పెద్దాయన్ను స్టోరు గదిలోకి పిలిచింది.

"చెప్పండి. ఎక్కడ ఇబ్బంది?"

ఆయన మొహమాటపడ్డాడు. "పని ఇబ్బంది కాదమ్మా. బల్ల నాకు మోకాళ్ల దగ్గరుంది. రోజంతా వంగి ఉండాల్సి వస్తోంది."

మర్నాడే ఆస్పత్రి వడ్రంగి వచ్చి ఒక బల్ల నాలుగు కాళ్ల కిందా చెక్క దిమ్మెలు పెట్టాడు. చూస్తుండగానే, ఏళ్లతరబడి నడుంనొప్పని మందులు రాసుకుంటున్న ఇద్దరు పొడుగు ఆడవాళ్లు తమ దుప్పట్ల గుట్టలు ఎత్తుకుని ఆ బల్ల దగ్గరికి చేరిపోయారు. "ఇన్నాళ్లూ మాకెందుకు పెట్టలేదు?" అని ఒకామె దెప్పింది. "ఇన్నాళ్లూ మీరెందుకు అడగలేదు?" అని మడతమ్మ అనబోయి, మాట మింగేసి, "నేను అడగలేదు, నాదే పొరపాటు" అంది. పెద్దాయన నాలుగో రోజుకు ఎనభై, రెండో వారానికి వంద. అంతటితో ఊరుకోలేదు. పెద్ద షీట్లను ఒకరినొకరు లాక్కోకుండా, ఇద్దరూ ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి మధ్యలో కలిసే డేరావాళ్ల పద్ధతి అందరికీ నేర్పాడు. గది గదంతా మనుషులు ముందుకూ వెనక్కీ నడుస్తుంటే ఎవరో నవ్వుతూ అడుగులు లెక్కపెట్టారు. ఇంకెవరో చప్పట్లు కలిపారు.

నెలాఖరున ఒక పొద్దున మడతమ్మ ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. పాడైపోయిందేమోనని. ఎప్పుడూ పదింటికల్లా, "మా వార్డుకు దుప్పట్లేవీ?" అని ఐదారు గొంతులు అరిచేవి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. ఫోన్ బాగానే ఉంది. పైన అన్ని అల్మరాలూ నిండి ఉన్నాయి! ఆవిడ ఆ సంగతి అరిచి చెప్పేసరికి లాండ్రీలో లేచిన కేకకు పైనుంచి నర్సు ఒకామె ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

అదే వారం ఇంకో మనిషి మెట్లు దిగి వచ్చాడు. వంటశాల మేనేజరు. లావాటి మనిషి, చేతిలో హెచ్చార్ సారు ఇచ్చిన ప్రశ్నల కాగితం, నుదుటి మీద చెమట.

"మడతమ్మా, అంట్లు తోమే దగ్గర ఇద్దరు కావాలి. ఏడాదిలో ఆరుగురొచ్చారు, ఆరుగురూ పోయారు. ‘నన్నడక్కు, కింద లాండ్రీలో కనుక్కో’ అన్నారు సారు. ఏం మడిపించమంటావు, నాకు దుప్పట్లు కూడా లేవు!"

సారే పంపించారా? సారేనా? మడతమ్మ బుర్రలో ప్రశ్నలు వరస కట్టాయి. ఆ ఆరుగురూ ఎందుకు పోయారు? పోయేముందు ఎవరైనా అడిగారా? తొట్టి ఎంత ఎత్తుంది? ఎంగిలి పళ్లేలు అందించే మనిషీ తోమే మనిషీ ఒకరికొకరు కనిపిస్తారా? ఆవిడ చేతిలోని గలీబు ఆడపడుచు మీదికి విసిరి, "కాసేపు నువ్వు చూసుకో!" అంది.

"నువ్వెళ్లు వదినా, మేమున్నాం" అంది ఆ పిల్ల.

"రండి సార్" అంటూ మడతమ్మ అప్పటికే మెట్ల దగ్గరుంది. "ఆ కాగితం జేబులో పెట్టుకోండి. ముందు మీ అంట్ల గది చూపించండి!"